తీరం వినిపించిన చరిత్ర – 9: మాట మీద నిలిచిన ఆల్బమ్

1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ యారాడ కొండ పక్కనున్న కాలువలోంచి లోపలికి వచ్చి విశాఖ కొత్త రేవులో ఆగింది. ఇంగ్లీషువాళ్లు డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టిన ఆ కొండ గాలివానకూ అలల పోటుకూ అడ్డు నిలవడం వల్లనే అక్కడ రేవు కట్టడం సాధ్యమైంది. కొండకు ఒక పక్క ఓడలు, రెండో పక్క యారాడ ఊరు, దాని కొబ్బరితోటలు, జాలరిపేట. ఆ కథ గత భాగంలో చెప్పుకున్నాం. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 1933–34 ప్రాంతంలో, సాలూరు దగ్గరి శివరామపురం పిల్లవాడొకడు బెంగళూరులో హచ్చిన్స్ రికార్డు కంపెనీకి భగవద్గీత పాడాడు. అప్పటికి అతనికి పన్నెండేళ్లు. తరువాత తెలుగు సినిమా సంగీతానికి పెద్ద దిక్కయిన సాలూరి రాజేశ్వరరావు అతనే. మరో నలభై ఏళ్లకు, విజయనగరంలో సంగీతం నేర్చుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావు తన జీవితపు చివరి రోజుల్లో అదే భగవద్గీతను లాంగ్ ప్లే రికార్డు కోసం పాడాడు. ఒకే తీరం, ఒకే గ్రంథం, రెండు రికార్డులు. ఈ రెంటి మధ్య నలభై ఏళ్లలో తెలుగువాళ్లకంటూ ఒక ఆల్బమ్ రూపం ఏర్పడింది. దాన్ని నిలబెట్టింది సినిమా కాదు, వాద్యం కాదు. పద్యం, శ్లోకం, సంభాషణ. ఒక్కముక్కలో చెప్పాలంటే మాట. ఈ భాగంలో నేను నిరూపించదలుచుకున్నది ఇదే.

ముందు ఆల్బమ్ ఎలా పుట్టిందో చూడాలి. లక్క, రాతిపొడి, మసి కలిపి వేడిమీద అచ్చు వేసిన పళ్లెం నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల పళ్లెంలో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర పాట. ఆ లక్కలో పెద్ద భాగం మన ఛోటానాగపూర్ అడవుల నుంచే ప్రపంచానికి వెళ్లేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసిన నాటి నుంచి మన దేశంలో ప్రతి గాయకుడూ ఈ మూడు నిమిషాల గడువుకు తలవంచినవాడే. గంటసేపు సాగే రాగాలాపన నాలుగు సంగతులకు కుదించుకుపోయింది. అమెరికా దక్షిణాన బ్లూస్ గాయకులదీ అదే పరిస్థితి. పొలం గట్టున, సారా దుకాణం ముందు ఎంతసేపైనా పెరిగే పాట రికార్డులో నాలుగైదు చరణాలకు తెగిపోయేది. పెద్ద రచన వినాలంటే నాలుగైదు రికార్డులు కొని, సంచుల్లాంటి పుటలున్న అట్టపుస్తకంలో దాచుకోవాలి. ఫోటోలు దాచుకునే పుస్తకంలాగే ఉంటుంది కనుక దాన్నీ ఆల్బమ్ అన్నారు. అంటే ఆల్బమ్ మొదట ఒక సామాను. కళారూపం తరువాత అయింది.

1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి ముప్పైమూడుంబావు చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టడంతో సంగీతకారుడికి మొదటిసారి సావకాశం దొరికింది. జాజ్ వాద్యకారులు దాన్ని ముందుగా ఒడిసిపట్టుకున్నారు. 1959లో మైల్స్ డేవిస్ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డులో ఉన్నవి అయిదే అంశాలు; ప్రతి వాద్యానికీ తీరిగ్గా ఆలోచించుకునే చోటు ఉంది. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' రికార్డులో పాటకూ పాటకూ మధ్య ఖాళీలను దాదాపు తీసేసి, మొత్తాన్ని ఒక ప్రదర్శనలా పేర్చి, పాటల సాహిత్యాన్ని అట్ట మీద అచ్చు వేశారు. 1974లో జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 'ఆటోబాన్' అనే ఎలక్ట్రానిక్ రచనతో రికార్డు ఒక వైపంతా నింపేసింది. ఈ మూడింటిలోనూ ఆల్బమ్ అంటే సంగీతకారుడు తన పేరు మీద లోకానికి చెప్పే మాట. ఏ పాట ముందు రావాలో, ఎక్కడ ఆగాలో, మొత్తం విన్నాక ఏం మిగలాలో అతనిదే నిర్ణయం. ఆల్బమ్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఈ నిర్వచనంతోనే మొదలుపెడతారు. ఈ కొలబద్దతో తెలుగును కొలిస్తే మనకు ఆల్బమ్ చరిత్రే లేదనిపిస్తుంది. మన చరిత్ర లోటేమీ లేదు, తప్పు ఆ కొలబద్దలో ఉంది.

పద్యం చేతికి చిక్కిన రికార్డు

మన దేశంలో 78 రికార్డు చాలాకాలం బతికింది. 1960 దశకం మధ్యలో కూడా కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలను 78 పళ్లేలుగా అచ్చు వేశారు. కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లే ఎక్కువ కావడం అందుకు కారణం. ఆ పొట్టి రికార్డుల కాలంలోనే తెలుగువాడు పొడుగు కథ వినే దారి వెతుక్కున్నాడు. పద్యనాటకాలు రికార్డుల సెట్లుగా వచ్చాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర, తిరుపతి వేంకటకవుల రాయబారం పద్యాలు పళ్లెం తరువాత పళ్లెంగా ఇళ్లలోకి, కాఫీ హోటళ్లలోకి వచ్చాయి. కపిలవాయి రామనాథశాస్త్రి తరం నుంచి ఉత్తరాంధ్ర కృష్ణుడు పీసపాటి నరసింహమూర్తి తరం దాకా జనం రంగస్థలం మీద ఎంతగా విన్నారో యంత్రం మీదా అంతగా విన్నారు. ఇది అట్టపుస్తకంలో దాచుకున్న పాటల గుత్తి కాదు. మొదటి రికార్డు వినకుండా మూడోది పెడితే కథ తెగిపోతుంది. ప్రారంభం, నడక, ముగింపు ఉన్న దీర్ఘశ్రవణం అది. రాత్రంతా సాగే హరికథకు, తెల్లవార్లూ ఆడే నాటకానికి అలవాటుపడిన చెవికి అలాంటిదే కావాలి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దాని మొదటి అధ్యక్షుడుగా గజపతులు కూర్చోబెట్టింది హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును. కథ చెప్పడం సంగీతంలో భాగమేనని అంతకు మించి ఎవరు చెప్పాలి?

ఆ కళాశాలకే చదువుకోసం వచ్చాడు ఘంటసాల. వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాట నేర్చుకున్నాడు. సాలూరు చినగురువుగారు అని ఆ ప్రాంతం పిలుచుకున్న శాస్త్రిగారి పద్ధతిలో సాహిత్యపు విరుపు చెడకుండా రాగం నడవాలి. దాని ఫలితం వినాలంటే ఘంటసాల హెచ్ఎంవీకి పాడిన 'పుష్పవిలాపం' ఒక్కటి చాలు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలవి. పూజకు పూలు కోయబోయిన మనిషిని పూలు నిలదీస్తాయి. రికార్డుకు ఉన్నవి రెండే వైపులు. ఘంటసాల పద్యానికీ పద్యానికీ నడుమ మామూలు గొంతుతో రెండు మాటలు చెబుతాడు. ఆ మాటల్లోంచే తరువాతి పద్యం రాగం ఎత్తుకుంటాడు. పద్యం మారినప్పుడు రాగం మారుతుంది, రాగం మారినప్పుడు మాట్లాడే గొంతూ మారుతుంది. పాదం చివర సాగదీత ఎంత ఉండాలో ఆచితూచి పెట్టాడు. నాటకంలో వన్స్‌మోర్ కోసం తీసే దీర్ఘాలు ఇక్కడ లేవు, ఎందుకంటే ముల్లుకు గాడి అయిపోతోంది. మొదటి వైపు అయ్యాక రికార్డు తిప్పడానికి లేచిన శ్రోతకు పూల ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంటుంది. తిప్పి పెట్టగానే కథ అక్కడి నుంచి అందుకుంటుంది. మూడు నిమిషాల గడువు బ్లూస్ గాయకుడి పాటను తెంపితే, అదే గడువు ఇక్కడ పద్యాన్ని బిగించింది. రెండు వైపుల ఈ రికార్డును నేను తెలుగు ఆల్బమ్‌కు మొదటి పూర్తి నమూనాగా లెక్కిస్తాను. కవి వేరు, గాయకుడు వేరు, కానీ వరసా విరామమూ ముగింపూ ఒకే చేతిమీదుగా కుదిరాయి.

లాంగ్ ప్లే వచ్చాక ఈ నమూనా విస్తరించింది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం వచ్చి తెలుగు ఇళ్లలో తెల్లవారుజాము గంటే మార్చేసింది. దాన్ని ఎవరూ మధ్యలో ఆపరు, నచ్చిన శ్లోకం వెతుక్కుని వినరు; మొదలుపెడితే చివరిదాకా. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశాడు. ఆయన గీత ఆ తరువాత ఊరూరా మోగింది. గీతలో 700 శ్లోకాలున్నాయి. వాటిలో కొన్నే ఎంచుకున్నారు. శ్లోకం రాగంలో, దాని వెనకే తెలుగులో తాత్పర్యం మాటగా, మళ్లీ శ్లోకం. సంస్కృతం రాని శ్రోత కూడా ఎక్కడా దారి తప్పడు. ఏ శ్లోకం తీసుకోవాలి, ఏది వదలాలి, తాత్పర్యం ఎంత పొడుగుండాలి, ఎక్కడ రాగం మార్చాలి అన్నవే ఈ రికార్డు ప్రాణం. ఇవి అచ్చంగా ఆల్బమ్ కర్త చేసే పనులు. ఆ రికార్డుకు జనం తరువాత తమదైన వాడుక కూడా కల్పించారు. చావు జరిగిన ఇంటి ముందు, శవయాత్ర బండి మీద ఘంటసాల గీత పెట్టడం రివాజైంది. గీతను చావుకు ముడిపెట్టడం తగదని పెద్దలెందరో బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం ఉంది. అయినా ఒక రికార్డు ఒక జాతి దుఃఖంలో భాగం కావడం చిన్న సంగతి కాదు. రాక్ సంగీతంలో ఎంత పెద్ద ఆల్బమ్‌కైనా అంతటి స్థానం దక్కిందా అంటే నాకు సందేహమే.

మాటకున్న ఈ బలం భక్తికే పరిమితమనుకోవడానికి వీల్లేదు. 1975లో బాపు తీసిన 'ముత్యాలముగ్గు' సినిమాకు పాటలతో పాటు మాటలూ రికార్డుగా వచ్చాయి. ముళ్లపూడి వెంకటరమణ రాసి రావుగోపాలరావు పలికిన ఆ సంభాషణలను జనం బొమ్మ లేకుండానే విని కంఠతా పట్టారు. రెండేళ్ల తరువాత వచ్చిన 'దానవీరశూరకర్ణ' సంభాషణలు పెళ్లిపందిళ్లలో, తిరునాళ్లలో మైకుల్లో మోగాయి. దృశ్యం తీసేసినా నిలిచే సినిమా అంటే అది మళ్లీ పద్యనాటకం సెట్టు దగ్గరికి వచ్చినట్టే. విశాఖలో పుట్టిన శ్రీశ్రీది అన్నిటికన్నా అరుదైన ఉదాహరణ. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం' 1981లో లండన్ నుంచి కొత్త రూపంలో వెలువడింది. అక్కడ స్థిరపడిన గూటాల కృష్ణమూర్తి విదేశాంధ్ర ప్రచురణల తరఫున ఆ కవితలను శ్రీశ్రీ సొంత దస్తూరీతో అచ్చు వేసి, శ్రీశ్రీ సొంత గొంతుతో చదివిన క్యాసెట్ జతచేశాడు. కవి చేతిరాత, కవి గొంతు, కవి పెట్టిన వరస. రెండేళ్లకు, 1983లో, శ్రీశ్రీ పోయాడు. బీటిల్స్ పాటల మాటలను అట్ట మీద అచ్చు వేయడం విప్లవమని చెప్పుకుంటారు. మనకు సముద్రతీరపు కవి ఒకాయన పుస్తకాన్నే ఆల్బమ్‌గా చేసి ఇచ్చాడు.

ఎదురు వాదాలు

దీనికి మొదటి అభ్యంతరం సినిమా నుంచి వస్తుంది. తెలుగువాళ్లు కొన్న రికార్డుల్లో సింహభాగం సినిమా పాటలే కదా, వాటిని వదిలి గీతనూ సుప్రభాతాన్నీ ఆల్బమ్ అనడం ఏం న్యాయం అని అడగవచ్చు. అమ్మకం లెక్కలో ఆ మాట నిజం. కానీ సినిమా రికార్డు వరసను నిర్ణయించింది ఎవరు? నాలుగు పాటలు పట్టే చిన్న రికార్డులో నాలుగు పాటలు వేశారు; పెద్ద రికార్డు వచ్చాక ఒకవైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా వేసిన సందర్భాలూ ఉన్నాయి. పాటలను కలిపే దారం తెర మీద ఉంది, రికార్డులో లేదు. సినిమా చూడనివాడికి ఆ పాటలు విడివిడిగా అందమైనవే, కలిపి ఒక రచన కాదు. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, ఘంటసాల స్వరపరిచిన పాటల గొప్పదనం మీద నాకు ఎంత గౌరవమున్నా, ఆ గొప్పదనం పాటది, పళ్లేనిది కాదు. సినిమా పాట తెలుగు సంగీతంలో పెద్ద అధ్యాయం. ఆల్బమ్ అనే రూపానికి మాత్రం అది సరుకు మాత్రమే అందించింది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. సుప్రభాతం, గీత అమ్ముడుపోయింది భక్తి వల్ల; వాటిని సంగీతకళగా చూపడం పొరపాటు అంటారు కొందరు. భక్తి ఉన్నచోట కళ ఉండదన్న ఊహ దీని వెనక ఉంది. జాజ్ చరిత్రే దీనికి జవాబు. జాన్ కోల్‌ట్రేన్ 1964 డిసెంబరులో రికార్డు చేసి 1965లో విడుదల చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' నాలుగు భాగాల ప్రార్థన. ఆయన రాసుకున్న ప్రార్థనాగీతం రికార్డు అట్టలో అచ్చయింది. చివరి భాగంలో శాక్సఫోన్ మీద ఆయన వాయించింది ఆ గీతంలోని మాటల నడకనే. అక్షరం తరువాత అక్షరం వాద్యం మీద పలికించాడు. జాజ్‌లో శిఖరం అని అందరూ ఒప్పుకునే ఆల్బమ్ ఇలా దేవుడి మీదా మాట మీదా నిలబడింది. కోల్‌ట్రేన్ భక్తిని కళ అని, ఘంటసాల భక్తిని మొక్కుబడి అని విడదీయడానికి నాకు ఏ ఆధారమూ కనపడదు.

మూడో అభ్యంతరం వాద్యకారుల పక్షాన వస్తుంది. విజయనగరం కళాశాలలో వయొలిన్ ఆచార్యుడుగా చేరి, 1936లో అధ్యక్షుడై, 1964లో మరణించిన ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ రికార్డులను దక్షిణదేశమంతా విన్నది. చిట్టిబాబు వీణ రికార్డులు విదేశాలకూ వెళ్లాయి. వాటిలో మాట లేదు. నిజమే. అయితే ద్వారం వారి 78 రికార్డులు కచేరీలోంచి తుంచిన తునకలు. ఆయన కళ మొత్తం కచేరీలోనే ఉంది. పూర్తిగా వాద్యం మీద నిలిచిన తెలుగువాడి ఆల్బమ్ కావాలంటే పాలకొల్లు కుర్రవాడు మాండొలిన్ శ్రీనివాస్ దగ్గరికి రావాలి. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థకు ఆయన చేసిన 'డ్రీమ్' రికార్డులో కర్ణాటక గమకం ఎలక్ట్రానిక్ ధ్వనుల పొరల మధ్య నడుస్తుంది. జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో ఆయన వాయించిన జాజ్ కూడా లోకమంతా విన్నదే. ఇవి గొప్ప రచనలు, నా వాదానికి మినహాయింపులు. అయితే ఇవి పుట్టిన చోటు గమనించాలి. సంగీతకారుడే ఆల్బమ్ కర్త అన్న సంప్రదాయం వేళ్లూనుకున్న పాశ్చాత్య సంస్థల్లో ఇవి రూపు దిద్దుకున్నాయి. మన నేల మీద, మన శ్రోత డబ్బుతో నిలబడ్డ ఆల్బమ్ మాత్రం మాటనే నమ్ముకుంది.

ఏరి కూర్చడమూ సృష్టే

ఇక సంకలనాల సంగతి. ఇతరులు పాడినవి ఏరి ఒకచోట పెట్టడం సృష్టి ఎలా అవుతుందని అడిగేవాళ్లకు అమెరికా నుంచి రెండు జవాబులు ఉన్నాయి. 1952లో హారీ స్మిత్ అనే సేకర్త 1920ల చివర, 1930ల తొలినాళ్ల పాత 78ల నుంచి 84 పాటలు ఎంచి 'ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్' పేరిట ఫోక్‌వేస్ సంస్థ ద్వారా తెచ్చాడు. తెల్లవాళ్లవి నల్లవాళ్లవి అని విడదీయకుండా పేర్చాడు. బాబ్ డిలాన్ తరం జానపదం నేర్చుకుంది ఆ పెట్టెలోంచే. రాబర్ట్ జాన్సన్ అనే బ్లూస్ గాయకుడు 1936, 37లలో టెక్సస్‌లో 29 పాటలు రికార్డు చేసి 1938లో చనిపోయాడు. అతన్ని దాదాపు అందరూ మరిచిపోయారు. 1961లో కొలంబియా ఆ పాటల్లో కొన్నిటిని ఒక లాంగ్ ప్లేగా కూర్చింది. ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్ వంటి ఇంగ్లండు కుర్రాళ్లు ఆ రికార్డుతోనే గిటారు దిద్దుకున్నారు. ఆ సంకలనం లేకపోతే రాక్ సంగీతం ఇప్పుడున్నట్టు ఉండేది కాదు. పోయిన గాయకుడికి రెండో జన్మ ఇవ్వగలిగింది కూర్పు చేసినవాడి నిర్ణయం.

మనకూ అలాంటి ఘనకార్యం ఒకటి ఉంది. తాళ్లపాక అన్నమయ్య కీర్తనలు తిరుమల ఆలయంలోని అరలో రాగిరేకుల మీద శతాబ్దాలు నిద్రపోయాయి. సాహిత్యం, రాగం పేరు దొరికాయి గాని పాడే వరస చాలావాటికి పోయింది. పాడాలంటే కొత్తగా స్వరపరచాలి. ఆ పనికి పూనుకున్నవారిలో నేదునూరి కృష్ణమూర్తి ముఖ్యులు. విజయనగరం కళాశాలలో చదివి, శ్రీపాద పినాకపాణి దగ్గర సాన పట్టుకుని, చివరిదాకా విశాఖలో ఉండి 2014లో అక్కడే మరణించిన విద్వాంసుడాయన. పినాకపాణి గారూ శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి విశాఖలో వైద్యం చదివినవారే. తిరుమల తిరుపతి దేవస్థానం 1979–80 నాటికి సుబ్బులక్ష్మి చేత 'బాలాజీ పంచరత్నమాల' పేరుతో అయిదు లాంగ్ ప్లే రికార్డులు పాడించింది. అన్నమయ్య కీర్తనల్లో కొన్నిటిని ఆమె నేదునూరి దగ్గర నేర్చుకుని పాడారు. వేల కీర్తనల్లో ఏవి గొంతుకెక్కాలో ఆ అయిదు రికార్డులు చాలావరకు తేల్చేశాయి. పెళ్లిలో, పాటల పోటీలో, బడి వార్షికోత్సవంలో ఇప్పటికీ మళ్లీ మళ్లీ వినిపించే అన్నమయ్య పాటల వెనక ఇలాంటి రికార్డుల ఎంపికే ఉంది. సంకలనానికి ఇంత బలం ఉందంటే, సంకలనానికి ఎక్కనివాటి గతి ఏమిటన్న ప్రశ్న కూడా వెంటనే రావాలి.

ఆ ప్రశ్న మనల్ని మళ్లీ యారాడ దగ్గరికి తెస్తుంది. ఈ తీరంలో వల లాగే పాట ఉంది, నావ నూకే పాట ఉంది, గంగమ్మ పండగ పాట ఉంది. వెనక్కి వెళితే తప్పెటగుళ్లు, జముకుల కథ, అరకు కొండల్లో ధింసా. వీటిలోనూ మాటే ప్రాణం, కథే వెన్నెముక. తెలుగు ఆల్బమ్‌కు సరిగ్గా సరిపోయే సరుకు. కానీ హెచ్ఎంవీ దగ్గరికి వెళ్లగలిగింది కళాశాలలో చదివిన గొంతులూ, నాటక సమాజాల గొంతులూ. తక్కిన గొంతులకు దారి తెరిచింది క్యాసెట్. ఖర్చు తక్కువ, ఇంట్లోనే నకలు తీసుకోవచ్చు. విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, జననాట్యమండలిలో పాటగాడైన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర పలుకుబడిని, యంత్రం దగ్గర నిలబడ్డ కూలీ గోడును రాష్ట్రమంతా వినిపించాడు. 2020లో ఆయన పోయేనాటికి ఆ పాటలు వందల గొంతుల్లో ఉన్నాయి. అయితే ఒక వంగపండు ఉన్నంత మాత్రాన యారాడ జాలరి పాట రికార్డుకు ఎక్కినట్టు కాదు. హారీ స్మిత్ పెట్టెతో సమానమైన ఉత్తరాంధ్ర సంకలనం ఇంకా తయారు కావలసే ఉంది.

జానపదం నోటి మీద బతికేది, దాన్ని రికార్డులో బిగిస్తే ప్రాణం పోతుంది అనే మాట ఇక్కడ వినిపిస్తుంది. గౌరవించవలసిన మాటే. ఒక్కసారి పాడినదే శాశ్వతమైన పాఠమైపోయే ప్రమాదం నిజంగా ఉంది. కానీ నోటి మీద బతకాలంటే పాడేవాళ్లూ వినేవాళ్లూ ఒకచోట ఉండాలి. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు భూములు వదులుకున్నాయి. యారాడకు పక్కనే ఉన్న గంగవరం రేవు కోసం 2000 దశకంలో జాలరిపేటలు కదిలిపోయాయి. ఊరు నాలుగు కాలనీలుగా చెదిరితే పండగ మారుతుంది, వల లాగే చేతులు వేరే పనికి పోతాయి, పాటకు పని ఉండదు. అలాంటప్పుడు రికార్డు పాటను చంపదు, పాటకు మిగిలిన చివరి ఆసరా అవుతుంది. రాబర్ట్ జాన్సన్‌ను బతికించింది కూడా ఆ టెక్సస్ పళ్లేలే.

ఇప్పుడు ఫోన్‌లో ఏ పాటైనా దొరుకుతుంటే ఆల్బమూ సంకలనమూ ఎందుకన్నది చివరి అభ్యంతరం. దొరకడం వేరు, నిలవడం వేరు. ఫోన్‌లో ఘంటసాల గీత శ్లోకాలుగా ముక్కలై, మధ్యలో ప్రకటన దూరి వినిపిస్తుంది. శ్లోకం విన్నవాడికి తాత్పర్యం అందదు. ఎవరు స్వరపరిచారు, ఎవరు రాశారు, ఏ ఏడాది, ఏ కంపెనీ అన్న వివరాలు రాలిపోతాయి. అట్ట మీది అచ్చు కూడా చరిత్రేనని తెలుగువాళ్లకు నేర్పినవాడు వి.ఎ.కె. రంగారావు. వేలాది 78 రికార్డులు సేకరించి, ఒక్కో దాని వెనకున్న రచయితనూ గాయకుణ్ణీ వెలికితీసి రాసిన ఆయన 2025 ఫిబ్రవరిలో చెన్నైలో మరణించారు. ఆయన జీవితమంతా చేసిన పని ఒక మనిషి చేయగలిగినదాని కన్నా ఎక్కువ. మిగిలింది మనందరం పంచుకోవాలి.

కాబట్టి పాఠకులకు నా విన్నపం ఇది. మీ ఇంటి అటక మీద 78 రికార్డు గాని, నాటకం సెట్టు గాని, చేతిరాతతో పేరు రాసిన క్యాసెట్ గాని ఉంటే పాతసామానువాడికి వేయకండి. అరిగిన ముల్లుతో దాన్ని మోగించకండి. గాడి చెడితే మళ్లీ రాదు. లేబుల్ మీదున్న నంబరు, గాయకుల పేర్లు, కంపెనీ పేరు రెండు వైపులవీ ఫోటో తీసి పెట్టండి. తెలిసినవాళ్ల చేత ఒకసారి శుభ్రంగా డిజిటల్ నకలు తీయించి, మీ ఊరి కళాశాలకో గ్రంథాలయానికో ఒక ప్రతి ఇవ్వండి. యారాడలో, గంగవరంలో, భీమిలిలో వల పాటలు వచ్చిన పెద్దలు ఉన్నారంటే వారి అనుమతి అడిగి, పేరూ ఊరూ చెప్పించి, పాటను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా రికార్డు చేయండి. విశ్వవిద్యాలయాలు, సంగీత కళాశాలలు, ఆకాశవాణి కలిసి ఉత్తరాంధ్ర సంకలనాన్ని వెంటనే తలకెత్తుకోవాలి. పాడగలవాళ్లు ఉండగానే చేయవలసిన పని ఇది, వచ్చే తరానికి వాయిదా వేయడానికి వీలులేదు.